పక్షి మెదడులో రెండు రకాల పటాలు: స్పర్శ చర్మం నుంచి వస్తుంది, శబ్దపు దిక్కును లెక్కకట్టాలి

కడప జిల్లా లంకమల అడవుల పేరు చెప్పగానే గుర్తొచ్చే కలివికోడి, 2025లో దాని కూత రికార్డయిందన్న వార్తతో మళ్ళీ చర్చలోకి వచ్చింది. 1848లో జెర్డాన్ లోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986లో కడప కొండల దగ్గర మళ్ళీ దొరికింది. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే పక్షి కావడంతో, దాన్ని వెతికేవాళ్ళు కళ్ళకంటే చెవులనే ఎక్కువ నమ్ముకుంటారు. ఈ వార్త చదివిన చాలామందికి ఒక అనుమానం వచ్చింది: మనిషి టార్చి, రికార్డరు పట్టుకుని వెతుకుతున్న ఆ చీకట్లో, ఒక పక్షికి రెండో పక్షి కూత ఏ దిక్కునుంచి వస్తోందో ఎలా తెలుస్తుంది?

ఉమ్మడి అనంతపురం జిల్లా వీరాపురంలో కొంగలను చూసి వచ్చినవాళ్ళు ఇలాంటిదే మరో ప్రశ్న అడుగుతుంటారు. (పత్రికలు సైబీరియా కొంగలని రాస్తుంటాయి గానీ, ఆ ఎర్రకాళ్ళ కొంగలు మన దేశపు పక్షులే.) ఎర్రమట్టి కలిసిన చెరువునీళ్ళలో ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడిచే ఈ కొంగ, నీటిలోపల ఏముందో చూడకుండానే చేపను పట్టేస్తుంది. చేప ముక్కు లోపలివైపు తగలడం, ముక్కు మూసుకోవడం రెండూ దాదాపు ఒకేసారి జరిగిపోతాయి. దీని బంధువైన అమెరికా కొంగ ఒకదానిలో ఆ వేగాన్ని కొలిస్తే సెకనులో నలభయ్యో వంతు వచ్చింది.

పక్షులకు ఇంద్రియాలు చురుకు అని చెప్పి ఊరుకుంటే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకదు. జవాబు ముక్కులోనో చెవిలోనో సగమే ఉంది. మిగతా సగం, అక్కడి సమాచారాన్ని మెదడు ఎలా పరుచుకుంటుందన్నదానిలో ఉంది. స్పర్శ విషయంలో మెదడు చేసేది ఒక రకంగా నకలు తీయడం, శబ్దపు దిక్కు విషయంలో చేసేది గణితం. రెండింటినీ శాస్త్రజ్ఞులు పటాలనే పిలుస్తారు కాబట్టి చదివేవాళ్ళు తికమక పడుతుంటారు.

పటం అని దేన్ని అంటారు

శరీరంలో పక్కపక్కన ఉన్న రెండు చోట్లనుంచి వచ్చే సమాచారం మెదడులోనూ పక్కపక్కన ఉన్న నాడీకణాలకే చేరితే, ఆ అమరికను పటం అంటారు. మత్తిచ్చిన పక్షి మెదడులోకి వెంట్రుకకంటే సన్నని లోహపు తీగను దించి, ఒక్కో ఈకను, ఒక్కో కాలివేలిని మెత్తని కుంచెతో తాకుతూ, ఏ చోట తాకినప్పుడు తీగ కొసన ఉన్న కణం స్పందిస్తుందో రాసుకుంటారు. తర్వాత తీగను కొద్దిగా జరిపి మళ్ళీ మొదలుపెడతారు. ఇలా చుక్క చుక్క కలిపితేనే పటం తేలుతుంది. మనిషి మెదడులో చర్మపు పటాన్ని పెన్‌ఫీల్డ్, బోల్డ్రే 1937లో ప్రచురించినప్పుడు చేతివేళ్ళు, పెదవులు వీపుకంటే ఎంతో ఎక్కువ చోటు ఆక్రమించి కనిపించాయి. పక్షుల్లోనూ అంతే: పటంలో ఒక భాగానికి దక్కే చోటు దాని కొలతను బట్టి ఉండదు, ఆ భాగంనుంచి ఎన్ని నాడులు బయలుదేరుతున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముక్కుకు ఒక దారి, ఒంటికి మరో దారి

కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద వరికోతలు అయ్యాక మళ్ళల్లో వదిలిన బాతులను దగ్గరగా కూర్చుని చూస్తే స్పర్శ ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. బాతు ముక్కును బురదలో సగందాకా దించి, గబగబా తెరుస్తూ మూస్తూ ముందుకు నడుస్తుంది. నీళ్ళూ బురదా ముక్కు అంచుల్లోంచి పక్కలకు చిమ్ముకుపోతాయి, గింజ మాత్రం లోపల నిలుస్తుంది. కన్ను ఆ బురదలోకి చూడలేదు కాబట్టి, ఏది గింజ ఏది రాయి అన్న నిర్ణయం పూర్తిగా ముక్కుదే. దాని ముక్కు అంచుల్లో, కొసలో ఉండే సూక్ష్మమైన స్పర్శ గ్రాహకాల్లో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. హెర్బ్‌స్ట్ గ్రాహకాలు ప్రకంపనలను పసిగడతాయి, ఇవి పక్షులన్నిటికీ ఉంటాయి. నీటిపక్షుల ముక్కుల్లో విస్తారంగా కనిపించే గ్రాండ్రీ గ్రాహకాలు ముక్కు మీద వస్తువు కదలికను గుర్తిస్తాయి.

ముక్కునుంచి వచ్చే ఈ సమాచారం ముఖపు స్పర్శను మోసే త్రిధార నాడి ద్వారా మెదడుకాండంలోని ఒక కేంద్రకానికి, అంటే నాడీకణాల గుంపుకు చేరి, అక్కడినుంచి నేరుగా ముందుమెదడులోని బేసోరోస్ట్రాలిస్ అనే కేంద్రకానికి వెళ్తుంది. ఈ నేరుగా అన్న మాట ముఖ్యం. మనలాంటి క్షీరదాల్లో ముఖపు స్పర్శ కూడా ముందుగా థాలమస్ అనే మజిలీలో ఆగి, ఆ తర్వాతే పైమెదడుకు చేరుతుంది. పక్షి ముక్కు ఆ మజిలీని దాటవేస్తుంది. అదే పక్షి రెక్క, కాలు, వీపులనుంచి వచ్చే స్పర్శ మాత్రం వెన్నుపాము గుండా ఎక్కి, థాలమస్ దగ్గర ఆగి, తల పైభాగాన వుల్స్ట్ అనే ఉబ్బెత్తు ప్రాంతపు ముందు కొసకు చేరుతుంది. మన మెదడులో చేతి పటం, ముఖపు పటం ఒకదాని పక్కన ఒకటి ఒకే పట్టీ మీద ఉంటే, పక్షిలో ముక్కు పటం ఒకచోట, ఒంటి పటం మరోచోట దూరంగా ఉంటాయి.

ముక్కు పటం ఎవరిలో పెద్దదో చూస్తే ఆ పక్షి తిండి సంపాదించే తీరు బయటపడుతుంది. అనేక పక్షిజాతుల మెదళ్ళను పోల్చి 2009లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ముక్కు స్పర్శను అందుకునే మెదడుకాండపు కేంద్రకం మూడు గుంపుల్లో ప్రత్యేకంగా పెరిగింది: బాతులు, చిలుకలు, బురదలో ముక్కు గుచ్చి వెతికే ఉల్లంకి లాంటి పక్షులు. ఈ మూడూ దగ్గరి చుట్టాలు కావు, ఎవరికి వారే విడివిడిగా ఆ దారి పట్టారు. బాతుకు బురద వడకట్టడానికి, చిలుకకు నాలుకా ముక్కూ కలిపి గింజ తొక్క వలవడానికి, ఉల్లంకికి మట్టిలోని పురుగు జాడ తీయడానికి ఆ స్పర్శ అవసరం. గింజను కంటితో చూసి పొడిచే పావురంలో ఈ కేంద్రకం అంతగా పెరగలేదు.

బురదలో వెతికే పక్షుల్లో ఇంకో విశేషముంది. సముద్రతీరపు ఉల్లంకి జాతి ఒకటి, తడి ఇసుకలో దాగిన ఆల్చిప్పను ముక్కు తగలకుండానే గుర్తిస్తుందని 1998లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చూపించారు. ముక్కు ఇసుకలో దిగినప్పుడు ఇసుకరేణువుల మధ్య నీటిలో ఒత్తిడి పుడుతుంది. గట్టి వస్తువు దగ్గరలో ఉంటే ఆ ఒత్తిడి తీరు మారుతుంది, ముక్కు కొసన గుంపుగా ఉన్న హెర్బ్‌స్ట్ గ్రాహకాలు ఆ తేడాను పట్టుకుంటాయి. మన చెరువుల ఒడ్డున తిరిగే కంకణాల పిట్టల బంధువుల్లోనూ ముక్కు కొసన ఇలాంటి గ్రాహకాల గుంపు ఉంది.

ఒంటి పటంలోనూ ఇలాంటి తేడాలే కనిపిస్తాయి. హమ్మింగ్ బర్డ్, జీబ్రా ఫించ్ అనే రెండు చిన్న పక్షుల ముందుమెదడును పోల్చిన 2024 నాటి పరిశోధనలో, హమ్మింగ్ బర్డ్ రెక్క ముందు అంచు మీద సన్నగా గాలి ఊదినా స్పందించే కణాలు కనిపించాయి. పువ్వు ముందు గాలిలోనే నిలబడే పక్షికి రెక్క మీది గాలి ఒరవడి తెలియడం ఎంత అవసరమో ఊహించవచ్చు. చావుపిట్ట అని మనం పిలిచే తెల్ల గుడ్లగూబ వుల్స్ట్‌లోనైతే కాలిగోళ్ళకు ప్రత్యేకంగా పెద్ద చోటు ఉంది.

చెవి లోపల ఉన్నది స్వరాల పటమే

వినికిడిలో మొదటి పటం సులభమైనదే. పక్షి లోపలి చెవి మనదిలా నత్తగుల్లలా చుట్టుకోదు, కాస్త వంగిన చిన్న గొట్టంలా ఉంటుంది. దాని ఒక కొసన ఎక్కువ పౌనఃపున్యపు సన్నని స్వరాలకు, రెండో కొసన తక్కువ పౌనఃపున్యపు బొంగురు స్వరాలకు స్పందించే రోమకణాలు వరుసగా ఉంటాయి. ఆ వరుస నాడుల్లో, మెదడుకాండంలో, చివరికి ముందుమెదడులోని ఫీల్డ్ ఎల్ అనే ప్రాంతంలోనూ చెదరకుండా సాగుతుంది. చర్మపు పటంలాగే ఇదీ నకలు.

చిక్కంతా దీని తర్వాత మొదలవుతుంది. చర్మం మీద ఎక్కడ తగిలిందన్నది తగిలిన చోటే చెబుతుంది. కంటిలోనూ వెలుగు ఏ మూలనుంచి వచ్చిందో, అది పడిన చోటును బట్టి తెలుస్తుంది. చెవిలో అలాంటి ఏర్పాటు లేదు. ఎడమవైపు ఎలుక కిచకిచమన్నా, కుడివైపు కిచకిచమన్నా, స్వరం ఒకటే అయితే చెవిలో కదిలేవి అవే రోమకణాలు. దిక్కు అనేది చెవిలో ఎక్కడా రాసి ఉండదు. రెండు చెవులూ పంపినదాన్ని పోల్చి మెదడే దాన్ని తయారుచేసుకోవాలి.

కాలపు తేడానుంచి దిక్కు

ఈ విషయంలో లోకానికి పాఠం చెప్పిన పక్షి చావుపిట్టే. కటిక చీకటి గదిలో, కేవలం శబ్దం విని ఇది ఎలుకను పట్టగలదని రోజర్ పేన్ పరిశోధన నిరూపించింది. దాని గురి తప్పేది ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే. వేరుశనగ చేలల్లో ఎలుకల బెడదతో వేగే అనంతపురం రైతుకు ఈ పక్షి సాయం తెలిసిందే అయినా, దాని పేరులోని చావు మాత్రం ఇంకా వదల్లేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. గుడ్లగూబ రెండు చెవుల మధ్య దూరం సుమారు 5 సెంటీమీటర్లు అనుకుందాం. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, అంటే 34,000 సెంటీమీటర్లు పోతుంది. సరిగ్గా కుడిపక్కనుంచి వచ్చిన శబ్దం కుడిచెవికి చేరాక ఎడమచెవికి చేరడానికి 5 భాగించు 34,000, అంటే సుమారు 147 మైక్రోసెకన్లు ఎక్కువ పడుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షల వంతు. ఎదురుగా ఉన్న శబ్దం ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే ఈ తేడా మూడు నాలుగు మైక్రోసెకన్లకు మించదు. నాడీకణం పంపే ఒక్క స్పందన నిడివే దాదాపు వెయ్యి మైక్రోసెకన్లు. వెయ్యి మైక్రోసెకన్ల స్పందనలతో నాలుగు మైక్రోసెకన్ల తేడాను కొలవడం ఎలాగన్నదే అసలు సమస్య.

దీనికి 1948లో లాయిడ్ జెఫ్రెస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కాగితం మీద ఒక పరిష్కారం ప్రతిపాదించారు. అనంతపురంనుంచి ఒకరు, గుత్తినుంచి మరొకరు ఒకే వేగంతో సైకిల్ మీద ఎదురెదురుగా బయలుదేరారనుకోండి. ఇద్దరూ ఒకే సమయానికి బయలుదేరితే ఇంచుమించు పామిడి దగ్గర కలుస్తారు. అనంతపురం మనిషి ఆలస్యంగా బయలుదేరితే, ఇద్దరూ అనంతపురానికి దగ్గరగా గార్లదిన్నె వైపున కలుస్తారు. దారి పొడుగునా ఊరికొక మనిషిని నిలబెట్టి, ఇద్దరూ ఒకేసారి కనిపిస్తే చెయ్యెత్తమంటే, ఎవరి చెయ్యి లేచిందన్నదాన్ని బట్టి ఎవరు ఎంత ఆలస్యమయ్యారో తెలిసిపోతుంది. గడియారం అక్కర్లేదు. జెఫ్రెస్ ఊహలో ఆ దారి రెండు చెవులనుంచి వచ్చే నాడీతంతువులు, నిలబడిన మనుషులు రెండువైపులనుంచీ స్పందన ఒకేసారి అందితేనే గట్టిగా స్పందించే కణాలు. కాలంలో ఉన్న తేడా ఇలా మెదడులో ఒక చోటుగా మారిపోతుంది.

నలభై ఏళ్ళ తర్వాత, 1988లో, కేథరిన్ కార్, మసకజు కొనిషి గుడ్లగూబ మెదడుకాండంలోని లామినారిస్ అనే కేంద్రకంలో సరిగ్గా ఇలాంటి అమరికనే చూపించారు. ఒక చెవి తంతువులు పైనుంచి, రెండో చెవివి కిందనుంచి వస్తూ మధ్యలోని కణాలను వరుసగా తాకుతాయి. తంతువు పొడవే ఆలస్యాన్ని కొలిచే సాధనం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. లామినారిస్‌లోని ఒక్కో కణం ఒక స్వరాన్నే వింటుంది. సెకనుకు 5,000 కంపనాల స్వరంలో ఒక అలకు 200 మైక్రోసెకన్లు పడతాయి. శబ్దం కుడిచెవికి 50 మైక్రోసెకన్లు ముందు చేరినా, ఎడమచెవికి 150 మైక్రోసెకన్లు ముందు చేరినా, అల పైకీ కిందికీ లేచే తీరు రెండు చెవుల్లో ఒకేలా సరిపోతుంది. కణానికి ఏది నిజమో తెలియదు. ఇప్పుడు 4,000 కంపనాల స్వరాన్ని చూడండి. దీని అల 250 మైక్రోసెకన్లది, కాబట్టి ఇక్కడ అనుమానం కుడి 50కీ ఎడమ 200కీ మధ్య. రెండు స్వరాల జవాబుల్లోనూ ఉన్నది కుడి 50 ఒక్కటే. ఎలుక చేసే గలగలలో ఎన్నో స్వరాలు కలిసి ఉంటాయి కనుక, తర్వాతి అంచెలో వాటన్నిటినీ కూడినప్పుడు అబద్ధపు జవాబులు చెదిరిపోయి, నిజమైనది నిలుస్తుంది. ఒకే స్వరపు ఈల వేస్తే గుడ్లగూబ తికమకపడేది ఇందుకే.

కాలపు తేడా ఎడమా కుడీ చెబుతుంది గానీ, పైనా కిందా చెప్పదు. చావుపిట్ట చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఎడమచెవి రంధ్రం కాస్త పైన ఉండి కిందికి చూస్తుంది, కుడిది కాస్త కింద ఉండి పైకి చూస్తుంది. కిందనుంచి వచ్చే శబ్దం ఎడమచెవిలో, పైనుంచి వచ్చేది కుడిచెవిలో ఎక్కువ గట్టిగా వినిపిస్తుంది. ఈ తీవ్రత తేడాను మెదడు వేరే దారిలో లెక్కిస్తుంది. రెండు దారులూ నడిమెదడులో కలిసినచోట, ఒక్కో కణం ఆకాశంలో ఒక్కో చోటునుంచి వచ్చే శబ్దానికే స్పందిస్తుంది. ఎరిక్ నుడ్సన్, కొనిషి 1978లో గుడ్లగూబ చుట్టూ స్పీకరును తిప్పుతూ కనిపెట్టింది ఈ పటాన్నే. చర్మమో కంటిపొరో ఇచ్చిన నకలు కాకుండా, మెదడు పూర్తిగా తానే గణించి గీసుకున్న పటం ఉంటుందని అంత స్పష్టంగా తేలడం అప్పుడే.

ఈ పటం అందరికీ ఉందా

గుడ్లగూబ విషయం ఇంత చక్కగా ఒదగడంతో, చాలాకాలం ఇదే సకల జీవుల పద్ధతి అనుకున్నారు. కోడిలో, అంటే వినికిడిలో ప్రత్యేకత ఏమీ లేని పక్షిలో కూడా లామినారిస్‌లో కాలపు తేడాల పటం ఉందని 2008లో కొప్ల్, కార్ చూపించడంతో, పక్షులకు సంబంధించినంతవరకు ఆ నమ్మకం బలపడింది.

క్షీరదాల దగ్గర కథ అడ్డం తిరిగింది. 2001లో మకాల్పైన్ బృందం గినీపందుల మీద చేసిన కొలతల్లో, చాలా కణాలు ఎక్కువగా స్పందించే కాలపు తేడా ఆ జంతువు తల కొలతకు సాధ్యమయ్యే తేడాకంటే పెద్దదిగా వచ్చింది. ఎప్పటికీ రాని తేడాకు కణాన్ని శ్రుతి చేసి ఉంచడమెందుకు? వాళ్ళ వివరణ ఏమిటంటే, ఒక్కో దిక్కుకు ఒక్కో కణం అక్కర్లేదు, మెదడు ఎడమసగం మొత్తం స్పందననూ కుడిసగం మొత్తం స్పందననూ తూచి చూస్తే చాలు. దీనిలో పటమే ఉండదు. ఏ పద్ధతి మేలన్నది తల ఎంత పెద్దది, వినే స్వరం ఎంత సన్ననిది అన్నవాటిని బట్టి మారుతుందని 2004లో హార్పర్, మకాల్పైన్ గణితంతో వాదించారు. ఈ వాదన నాకు సబబుగానే కనిపిస్తుంది, ఎందుకంటే పక్షుల చెవీ క్షీరదాల చెవీ గాలిలోని శబ్దాలకు విడివిడిగా అలవాటుపడినవే గానీ ఒకదాన్ని చూసి మరొకటి నేర్చుకున్నవి కావు.

గుడ్లగూబలోనూ పటాన్ని మెదడు ఎలా చదువుతుందన్న ప్రశ్న మిగిలింది. బాగా పక్కనుంచి వచ్చే శబ్దానికి గుడ్లగూబ తలను కావలసినదానికంటే కాస్త తక్కువే తిప్పుతుంది. అన్నిటికంటే గట్టిగా స్పందించిన కణాన్ని మాత్రమే నమ్మితే ఆ పొరపాటు జరగకూడదు. పటంలో ఎదురుగా ఉన్న చోటుకు ఎక్కువ కణాలున్నాయి కాబట్టి, అన్ని కణాల స్పందననూ కలిపి సగటు తీస్తే జవాబు ఎదురు దిక్కుకు కొంత వంగుతుందని, పక్షి పొరపాటు సరిగ్గా అలాగే ఉందని 2011లో ఫిషర్, పెన్యా లెక్కకట్టారు.

కన్ను దిద్దే చెవి

లెక్కకట్టిన పటానికి ఒక ఇబ్బంది ఉంది. పిల్ల పెరిగేకొద్దీ తల పెరుగుతుంది, చెవుల మధ్య దూరం మారుతుంది, నిన్నటి లెక్క ఇవాళ తప్పుతుంది. దాన్ని సరిచేసేది చూపు. నుడ్సన్ బృందం పిల్ల గుడ్లగూబల కళ్ళకు పట్టకాలు బిగించి, లోకమంతా 23 డిగ్రీలు పక్కకు జరిగినట్టు కనిపించేలా చేసింది. గుడ్లగూబ కంటిగుడ్లు గూటిలో తిరగవు కాబట్టి పక్షి ఆ తేడాను కళ్ళు తిప్పి సర్దుకోలేదు. వారాలు గడిచేసరికి దాని శబ్దపటమే పక్కకు జరిగి కంటితో ఏకీభవించింది. చెవి లెక్క నిజానికి సరైనదే, అయినా కంటి తప్పునే మెదడు నమ్మింది.

పెద్ద పక్షుల్లో ఈ మార్పు చాలా తక్కువ. అయితే పట్టకాల మరలింపును ఒకేసారి కాక కొద్దికొద్దిగా పెంచితే పెద్దవీ ఎక్కువ నేర్చుకుంటాయని 2002లో తేలింది. చచ్చిన ఎలుకలు తినిపించిన పక్షులకంటే బతికిన ఎలుకలను వేటాడనిచ్చిన పక్షులు ఇంకా బాగా సర్దుకున్నాయి.

స్పర్శ, వినికిడి కలిసేచోట

గుడ్లగూబ వేట చివరి క్షణంలో రెండు పటాలూ వెంటవెంటనే పనిచేస్తాయి. అంతదాకా తలను ఎలుక దిక్కుకు నిలిపి ఎగిరే పక్షి, ఆఖరున కాళ్ళను ముందుకు చాచి, తల ఉన్న గీత మీదికే గోళ్ళను తెస్తుంది. గోళ్ళు తగలగానే పని చెవినుంచి చర్మానికి మారుతుంది, ఎలుక ఏ వేలికింద కదులుతోందో చెప్పగలిగేది గోళ్ళ స్పర్శే. 2008లో వైల్డ్, కుబ్కే, పెన్యా కాలినుంచి వుల్స్ట్‌లోని గోళ్ళ ప్రాంతం దాకా వెళ్ళే నాడుల దారిని గుర్తించినప్పుడు, దాన్ని వేటకు ఉపయోగపడే దారిగానే వర్ణించారు.

అంతకంటే ఆశ్చర్యం కలిగించేది ముక్కు కేంద్రకం. పావురంలో, లవ్ బర్డ్ పేరుతో మన సంతల్లో పంజరాల్లో అమ్మే బడ్జరిగార్ చిలుకలో, బేసోరోస్ట్రాలిస్‌కు స్పర్శతోపాటు శబ్ద సమాచారం కూడా చేరుతుంది. అది ఫీల్డ్ ఎల్ గుండా చుట్టుతిరిగి రాదు, మెదడుకాండంనుంచి అడ్డదారిలో, చాలా తక్కువ ఆలస్యంతో వస్తుంది. దీన్ని కొందరు తిండికి ముడిపెడతారు: గింజ పగిలిన చప్పుడు, పొడిచినప్పుడు నేల చేసే శబ్దం ముక్కు పట్టుతో పాటే అందితే తర్వాతి పొడుపును వెంటనే సవరించుకోవచ్చు. ఇంకొందరు కూతకు ముడిపెడతారు, ఎందుకంటే చిలుక పలికేటప్పుడు ముక్కు ఎంత తెరిచిందన్నదాన్ని బట్టి స్వరం మారుతుంది, తన గొంతు తానే వింటూ ముక్కును అదుపుచేయాలి. రెండు వాదాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. అదే ముక్కు తినేది, అదే ముక్కు కూసేది. చిలుకలో ఈ కేంద్రకంనుంచి ముందుమెదడు ముందుభాగానికి నాడీబంధాలు ఉన్నాయన్నది రెండో వాదానికి బలం. అసలు కూతలే నేర్చుకోని పావురంలోనూ ఆ అడ్డదారి ఉందన్నది మొదటిదానికి బలం.